ప్రామాణిక గుప్పెడు

వెలగలంక మహిళా పొదుపు సంఘం వాళ్ళు చేసిన తప్పు ఒక్కటే. సర్కారు ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఆ ఫారం ఎందుకొచ్చిందంటే, సముద్రాలకు అవతల ఒక దేశంలో పచారీ కొట్టు పెట్టుకున్న మనవాడొకడు, ఎవరి చుట్టాలో పెట్టెలో మోసుకెళ్ళిన వెలగలంక ఆవకాయ రుచి చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు. వెయ్యి జాడీలు కావాలనీ, జాడీ మీద ‘వీరవేణి ఆవకాయ’ అని పేరు వెయ్యాలనీ సంఘానికి కబురు పెట్టాడు. ముందు ఐదొందలు, అవి చెల్లితే మరో ఐదొందలు.

గుత్తుల వీరవేణికి యాభై నాలుగేళ్ళు. కాపురానికొచ్చిన ఏడాది అత్తగారి దగ్గర ఆవకాయ కలపడం నేర్చింది. అది జరిగి ముప్పై ఆరేళ్ళు. ఊళ్ళో సగం ఇళ్ళ జాడీలు ఏటా ఆవిడ చేతి మీదుగానే నిండుతాయి. అప్పటిదాకా ఆవిడ పేరు అచ్చులో పడింది రెండే చోట్ల, రేషన్ కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ. ఒకదాంట్లో ఆవిడకు తొంభై ఏళ్ళు, రెండోదాంట్లో ఆవిడ మగమనిషి. అందుకని నమూనా లేబుల్ వచ్చిన రోజున దాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుని, చీర తీసినప్పుడల్లా చూసుకునేది. తన పేరంటే తనకింత మోజుందని ఆవిడకే అంతవరకూ తెలియదు.

ఆ దేశం వాళ్ళు కడుపులోకి పోయే ప్రతి వస్తువుకీ జాతకం అడుగుతారు. ఆ జాతకాలు రాసిపెట్టడానికి మన దగ్గర ‘విదేశీ విపణి ప్రమాణాల ధ్రువీకరణ మండలి’ అని ఒకటి వెలిసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా. అక్కడివాళ్ళు ఒకటి అడిగితే మండలి వాళ్ళు పది అడుగుతారు. ఫారం నలభై ఒక్క పేజీలు. సంఘం కార్యదర్శి అరుణజ్యోతి ఇంటర్ దాకా చదివిన పిల్ల, వీరవేణికి వరసకు ఆడపడుచు కూతురు. మూడు రోజులు కూర్చుని నింపింది. పద్నాలుగో పేజీలో ఆగింది.

“అత్తా, ‘ముడిపదార్థముల కొలతకు వాడు సాధనము’ అంటన్నాడు. ఏం రాయమంటావ్?”

“గుప్పెడు.”

“ఎవరి గుప్పెడు?”

“నాదేనే. ఇంకెవరిది?”

అరుణజ్యోతి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ‘గుప్పెడు. కుడిచెయ్యి. ఒకటి.’

పక్క మండలాల్లో పచ్చళ్ళ కంపెనీల వాళ్ళు అదే గడిలో ‘ఎలక్ట్రానిక్ కాటా’ అని రాసి, హాయిగా గుప్పెళ్ళతో కలుపుకుంటున్నారు. వాళ్ళకి లోకజ్ఞానం ఉంది. వెలగలంక వాళ్ళకి నిజం చెప్పే జబ్బు ఉంది.

పదకొండో రోజున మండలి నుంచి తెల్ల కారు వచ్చింది. అందులోంచి జాయింట్ డైరెక్టర్ శేషావతారం గారూ, ఆయన వెనక రెండు పెట్టెలు మోసుకుంటూ ఇన్‌స్పెక్టర్ కిరీటీ దిగారు. అప్పటికే అరుణజ్యోతికి ఎవరో చెప్పారు, ఆ గడిలో అలా రాయకూడదని. కొత్త కాటా కొని, గుమ్మంలోనే ఎదురెళ్ళింది.

“పొరపాటయిందండి. కాటా తెచ్చేశామండి. ఆ ముక్క కొట్టేసి ఇది రాసుకోండి.”

శేషావతారం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మాట్లాడే ముందు అలా తుడుచుకోవడం రివాజు.

“అమ్మాయీ, దాఖలు చేసిన పత్రంలో కొట్టివేత అంటే తారుమారు కింద పరిగణించడం జరుగుతుంది. మీరు సమర్పించిన నమూనా సదరు గుప్పెడుతో తయారై, ప్రయోగశాలలో ఉత్తీర్ణత పొందినది. సాధనం మారిన పక్షంలో సరుకు మారినట్టు. సరుకు మారిన పక్షంలో కొత్త దరఖాస్తు. పరిశీలనకు పద్దెనిమిది నెలలు.”

“అన్నాళ్ళు మావిడికాయ ఆగదు కదండి.”

“మామిడికాయ దరఖాస్తుదారు కాదు.”

సంఘం షెడ్డులో నాలుగు వేల కాయలు గడ్డి మీద పరిచి ఉన్నాయి. పుల్లటి కొబ్బరిమామిడి కాయలు, టెంక ముదిరి ముక్క గట్టిగా ఉన్నవి. వారం దాటితే మెత్తబడతాయి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు తోటలన్నీ తిరిగి ఏరి తెచ్చారు. వాళ్ళందరూ వీరవేణి మొహంకేసి చూశారు. వీరవేణి తన చేతికేసి చూసుకుంది.

“అయితే నా చెయ్యినే పరీచ్చ చేసుకోండయ్యా” అంది.

కిరీటీ పెట్టె తెరిచి మండలి వారి కాటా తీశాడు. వీరవేణి బస్తాలోంచి గుప్పెడు ఉప్పు తీయడం, కాటా మీద పొయ్యడం, అతను రాసుకోవడం. అలా యాభై సార్లు. ఎనభై ఐదు గ్రాములు. మళ్ళీ ఎనభై ఐదు. ఒకసారి ఎనభై నాలుగు. కిరీటీ నోరు వెళ్ళబెట్టి, “సార్, మన కాటాయే రెండు గ్రాములు అటూ ఇటూ పోతుంది” అన్నాడు. శేషావతారం గారు ఆ వాక్యాన్ని రికార్డులోకి ఎక్కించవద్దని సైగ చేశారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆయన వెళ్ళేముందు మర్యాదకి, “అన్ని గంగాళాలకూ ఇన్నే గుప్పెళ్ళు వేస్తారన్నమాట” అన్నారు.

“ఎందుకేత్తానండి? కాయ పులుపుని బట్టండి. పులుపెక్కువైతే అరగుప్పెడు ఎక్కువ పడతాది. ఉప్పులో మూడో వంతు మాత్రం మొదటినాడు వెయ్యనండి. మూడోనాడు తిరగ్గలిపినప్పుడు, కాయ నీరొదిలాక, ముక్క నోట్లో వేసుకుని చూసి వేత్తాను. చేతికే తెలుత్తాదండి.”

శేషావతారం గారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. “అనగా, కొలత సాధనం సొంతంగా నిర్ణయాలు తీసుకుంటోందా?”

ముప్పై ఆరేళ్ళుగా ఆ చేతికి తెలిసిందంతా మండలి భాషలో ‘తీవ్ర లోపము, ఒకటి’ అయింది. సవరణ చర్య కూడా రాసిచ్చారు: ‘సాధనము ఆలోచించరాదు.’

ఆ షరతు మీద చెయ్యి పాసయింది. దానికి ఒక నెంబరు ఇచ్చి, మణికట్టుకి చెరగని స్టిక్కరు వేసి, తెల్లటి తొడుగు తొడిగి సీలు చేశారు. దాంతోపాటు ఒక నియమావళి. ధ్రువీకరించిన సాధనాన్ని మరే ఇతర పనికీ వాడరాదు. నీట తడపరాదు. వేడికి గురిచేయరాదు. ఇతరులకు అరువు ఇవ్వరాదు. ఊరు దాటించాలంటే మండలి వారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి పొందవలెను.

“మరి అన్నం ఎలాగ తినాలండి?” అనడిగింది వీరవేణి.

“నియమావళిలో ఎడమచేతి ప్రస్తావన లేదు” అన్నాడు కిరీటీ, పాపం ఓదార్పుగా.

ఎడం చేత్తో అన్నం తినే వంశం కాదది. మొగుడు సూర్రావు రోజూ మూడు పూటలా ముద్దలు కలిపి పెట్టాడు. పప్పులో ఉప్పు తక్కువైందని ఆవిడ అంటే, ఇన్నేళ్ళూ నేనన్నప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా అన్నాడు. జడ అరుణజ్యోతి వేసింది. గిన్నెలు సూర్రావు తోమాడు. వీధిలో వాళ్ళు చూడకుండా దొడ్డివైపు కూర్చుని తోమాడు గానీ, చూడాల్సినవాళ్ళందరూ చూశారు. ఆ వారంలోనే ఎదురింటి పెళ్ళిలో వీరవేణి ఎడం చేత్తో అక్షింతలు వేసిందని పెళ్ళికొడుకు మేనత్త మూడు రోజులు సాధించింది.

ఈలోగా మండలి వారికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ప్రతి కొలతకూ ప్రధాన కార్యాలయంలో ఒక మూలప్రమాణం ఉండాలి. కిలో రాయికి అసలు కిలో రాయి ఎక్కడో అద్దాల పెట్టెలో ఉన్నట్టు, గుప్పెడికీ అసలు గుప్పెడు ఉండవద్దా? టౌను నుంచి వినాయకుడి బొమ్మలు పోసే మనిషిని పిలిపించి, వీరవేణి చేతికి అచ్చు తీయించారు. చెయ్యి ఎలా పెట్టాలని అతను అడిగాడు. శేషావతారం గారు నిఘంటువు తెరిపించి చూసి, గుప్పెడు అనగా మూసిన చెయ్యి అని ఖరారు చేశారు. వీరవేణి పిడికిలి బిగించింది. సున్నంలాంటి ముద్దలో అరగంట ఉంచాక అచ్చు తీశారు. ప్లాస్టర్ పిడికిలి వచ్చింది. గోళ్ళూ, గీతలూ, వేలి మీద పాత కత్తిపీట గాటూ అన్నీ ఉన్నాయి. దాన్ని ఎర్ర మఖమల్ పెట్టెలో పెట్టి, రెండు చేతులతో కారు దాకా మోసుకెళ్ళారు. వీరవేణి చేతినెవరూ అంత గౌరవంగా మోయలేదు.

చెయ్యి పాసయిన ఆరో రోజున కలపడానికి ముహూర్తం పెట్టారు. కాయలు అప్పటికే పసుపు తిరిగేలా ఉన్నాయి. సంఘం షెడ్డుకి తెల్ల పలకలు వేసి, తలుపు మీద బోర్డు పెట్టారు: ‘ధ్రువీకరణ పొందిన వస్తువులకు మాత్రమే ప్రవేశము.’ గంగాళాలు లోపలికి వెళ్ళాయి. ఉప్పు, కారం, ఆవపిండి, పప్పునూనె వెళ్ళాయి. కొట్టిన ముక్కలు కాగితాలతో సహా వెళ్ళాయి. వీరవేణి వెళ్ళబోతే కిరీటీ జాబితా తిరగేసి అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మా, మీ చేతికి ఉంది. మిగతా మనిషికి లేదు.”

మనిషికి కావాలంటే ఆహార విజ్ఞానంలో పట్టా, ధ్రువీకరించిన ప్రాంగణంలో మూడేళ్ళ అనుభవం ఉండాలి. వీరవేణి ఏడో తరగతి. శేషావతారం గారు సమస్యను ఫోనులోనే పరిష్కరించారు. మేస్త్రీని పిలిచి షెడ్డు గోడకి భుజమెత్తున రంధ్రం పెట్టించారు. చెయ్యి లోపల, వీరవేణి బయట ఎండలో. చెంప గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఐదొందల జాడీల ఆవకాయ కలిపింది. లోపల తెల్లకోటు వేసుకున్న కిరీటీ గంగాళాలు ఒక్కొక్కటే ఆ చేతి కిందకి జరిపాడు.

“బాబూ, ఈ గంగాళంలో కలెక్టరు మావిడి ముక్కలు రెండు చేతికి తగిలాయి. అవి ఊరగాయకి పనికిరావు, తీసెయ్” అని గోడ ఇవతల నుంచి అరిచింది.

కిరీటీ వెతికాడు. రెండే ఉన్నాయి. తీసేశాడు. తరవాత ఉద్యోగం గుర్తొచ్చి, సాధనం అభిప్రాయం వ్యక్తం చేసినట్టు పుస్తకంలో నమోదు చేసుకున్నాడు.

మూడోనాడు తిరగ్గలపాలి. వీరవేణి తెల్లారగానే వచ్చి గోడ పక్కన నిలబడింది. శేషావతారం గారు స్వయంగా వచ్చారు, మఖమల్ పెట్టెతో సహా.

“ధ్రువీకరించిన సాధనాన్ని ప్రతి నలభై ఎనిమిది గంటలకూ మూలప్రమాణంతో సరిపోల్చాలని నిబంధన” అన్నారు.

కిరీటీ ప్లాస్టర్ పిడికిలిని ఉప్పు బస్తాలో ముంచి, దులిపి, కాటా మీద వంచాడు. కాటా కదల్లేదు. ఇంకోసారి ముంచాడు. ఏమీ రాలలేదు. తరవాత వీరవేణి చేత తొడుగు తీయించి గుప్పెడు పోయించాడు. ఎప్పట్లాగే ఎనభై ఐదు.

శేషావతారం గారు కాగితం మీద లెక్క కట్టి చదివారు. “ప్రామాణిక గుప్పెడు: సున్నా గ్రాములు. అభ్యర్థి గుప్పెడు: ఎనభై ఐదు గ్రాములు. తేడా ఎనభై ఐదు. అనుమతించదగిన తేడా రెండు. కాబట్టి ఈ చేతి ధ్రువీకరణ తక్షణమే రద్దు చేయడమైనది.”

“అయ్యా, అది మూసేసిన పిడికిలండి. అందులో ఏం పడతాదండి?”

“మూలప్రమాణాన్ని ప్రశ్నించే అధికారం కొలత సాధనానికి లేదమ్మా.”

వీరవేణి ఎన్నడూ ఎవరి దగ్గరా బతిమాలినది కాదు. ఆ రోజు బతిమాలింది. “ఇయాళ మిగతా ఉప్పు పడకపోతే ముక్క ఊరదండి. ఆవచేదు విరగదు. నన్ను లోపలికి రానీకండి, నా మొహం చూడకండి, చెయ్యొక్కటీ రానీండి. ఆ జాడీల మీద నా పేరుందండి.”

“పేరు పరీక్షించడం మా పరిధిలోకి రాదు” అన్నారాయన. కఠినంగా కాదు. టైము ఎంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పారు.

తిరగ్గలపడం ఆగలేదు. మూలప్రమాణం కంటే ధ్రువమైన సాధనం ఇంకేముంటుంది? ప్లాస్టర్ పిడికిలికి వెనక కర్ర బిగించి, ఉప్పులో ముంచి, గంగాళానికి ఏడు సార్ల చొప్పున కిరీటీ కలిపాడు. ‘ఉప్పు: ఏడు ప్రామాణిక గుప్పెళ్ళు’ అని రాసుకున్నాడు. ఆ ఏడు గుప్పెళ్ళూ కలిపి ఎంతో పైన చెప్పిన లెక్కలోనే ఉంది. గోడకున్న రంధ్రంలోంచి వీరవేణి అంతా చూసింది. అప్పుడు మాత్రం ఆ రంధ్రం బాగా పనికొచ్చింది.

మరో ఐదొందల జాడీలు కూడా అదే ఊపులో కలిపి పడేశారు, ఈసారి కారం, ఆవపిండి బస్తాల లెక్కన గుమ్మరించి, ఉప్పు మాత్రం మొదటినాటి నుంచీ ప్లాస్టరుతోనే. మొదటి ఐదొందలూ విమానమెక్కాయి. అక్కడ దిగగానే నూట పన్నెండు పరీక్షలు చేశారట, నూట పన్నెండూ నెగ్గాయి. మండలి వారు జిల్లా కేంద్రంలో సభ పెట్టి ప్లాస్టర్ పిడికిలికి పూలదండ వేశారు. ‘ఈ చెయ్యి అలసట ఎరుగదు, ఆకలి ఎరుగదు, పక్షపాతం ఎరుగదు’ అని శేషావతారం గారు ప్రసంగించారు. ఎరగాల్సిన ఉప్పు కూడా ఎరగదన్న సంగతి సభలో ఎవరూ లేవనెత్తలేదు. వెనక వరసలో కూర్చున్న వీరవేణికి ఓ కూల్‌డ్రింకు ఇచ్చారు.

ఇరవై రోజులకి దుకాణదారు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అరుణజ్యోతి సగం చదివి ఆపేస్తే, మొత్తం చదవమంది వీరవేణి.

“‘ముక్క చప్పగా ఉంది, పిండి చేదుగా ఉంది. ఈ వీరవేణి గారెవరో పేరు అమ్ముకున్నారని కొన్నవాళ్ళు అంటున్నారు. మిగతావి పంపించకండి.’ అంతే అత్తా.”

సంఘం తరఫున మండలికి మొర పెట్టుకున్నారు. రుచి అనే అంశం నూట పన్నెండు పరీక్షల్లో లేనందున ఫిర్యాదు పరిష్కరించినట్టు భావించడమైనదని సమాధానం వచ్చింది. మిగిలిన కాయలు షెడ్డులోనే పండి, ఈగలు ముసిరి, గోతిలోకి పోయాయి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు వరినాట్ల కూలికి పేర్లిచ్చుకున్నారు. పంపని ఐదొందల జాడీలూ వీరవేణి ఇంటి అరుగు మీదకి చేరాయి. ఐదొందల చోట్ల తన పేరు చూసుకుని ఆవిడ ఏడ్చింది. దాచుకుని కాదు, అరుగు మీద కూర్చునే ఏడ్చింది. ఎవరేదో దొంగతనం చేసి తన పేరు చెప్పినట్టుందని సూర్రావుతో అంది.

మరో పదిరోజులకి, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకి, తెల్ల కారు ఇంటి ముందు ఆగింది. శేషావతారం గారు ఒక్కరే దిగారు. చేతిలో పింగాణీ జాడీ, ఖాళీది. కళ్ళజోడు తుడుచుకోకుండానే మాట్లాడారు.

“అమ్మా, ఆఫీసు పని మీద కాదు. మా అమ్మాయి నెల తప్పింది. నోటికేదీ సయించడం లేదట. అప్పుడు నమూనా కింద ఇచ్చిన జాడీ మా ఇంట్లోనే అయిపోయింది. అదే కావాలంటోంది. ఓ రెండు కిలోలు. మీరు, మీ చేత్తో కలిపింది.”

గోదావరి ఒడ్డున గుమ్మంలోకి వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపరు. పగవాడైనా సరే. వద్దన్నా ఊరుకోరు.

“దానికేం భాగ్యవండి, అమ్మాయిగారికి నేనే తెచ్చి ఇచ్చేత్తాను. ఆయ్, వేళకొచ్చారు, కూచోండి” అంది వీరవేణి. సూర్రావు పీట వేశాడు. ఆకు వేసి, వేడన్నం వడ్డించి, నెయ్యి వేసింది. అప్పుడు అరుగు మీదకెళ్ళి ఓ జాడీ తెచ్చి, సీలు ఆయన కళ్ళ ముందే విప్పింది. గరిటెడు ఎర్రటి ఆవకాయ ఆకులో పడింది.

వంటింటి గట్టు మీద ఇంకో జాడీ ఉంది. చిన్నది, మూతికి పాత పంచె గుడ్డ వాసెన కట్టింది. షెడ్డులో కాయలు పండకముందే నాలుగు ఏరి తెచ్చి ఆవిడ ఇంట్లోకి కలుపుకున్నది. సూర్రావు ఆకులో ఆవిడ దాన్నే వడ్డించింది. ఆ వాసన గదంతా కమ్ముకుంది. శేషావతారం గారి చూపు అటు పోయి తిరిగి రాలేదు.

“అది… ఆ జాడీలోది ఓ ముక్క…”

“అమ్మో, అది రద్దయిన చేత్తో కలిపిందండి. తవరంతటివారికి పెట్టి పాపం మూటగట్టుకోమంటారా? అమ్మాయిగారైతే కడుపుతో ఉంది, ఆవిడ మాట వేరు.”

ఆయన ముద్ద కలిపారు. నోట్లో పెట్టుకున్నారు. ముక్క చప్పగా ఉంది, ఆవచేదు ముక్కు పుటాల దాకా ఎక్కింది. మింగడానికి కాస్త సమయం పట్టింది. ఎదురుగా మొగుడూ పెళ్ళామూ ఆయన మొహంకేసే చూస్తున్నారు.

“ఎలాగుందండి?” అంది వీరవేణి.

బాగాలేదంటే ఎందుకో చెప్పాలి. చెబితే సంతకం ఎవరిదో చెప్పాలి.

“ప్రమాణాలకు అనుగుణంగానే ఉంది” అన్నారు శేషావతారం గారు.

“మొహమాటపడకండి మరి” అని, వీరవేణి కుడిచేత్తో ఇంకో గరిటె వేసింది. అరుగు మీద నాలుగు వందల తొంభై తొమ్మిది జాడీలున్నాయి.